రెండు వందల ముప్ఫై ఒక్క ఆకుపచ్చ టిక్కులు

మా షాపు గుమ్మం నుంచి నీటి సరఫరా ఆఫీసు గేటుకి నలభై అడుగులు. ఆ నలభై అడుగులే నా వ్యాపారం. ఆఫీసులో ఉద్యోగాలు పడ్డాయంటే జనం ముందు ఇక్కడికొస్తారు, తర్వాతే అక్కడికెళ్తారు. ఫారం, జిగురు, కవరు కొనుక్కుంటారు. పెన్నూ, సలహా ఊరికే వస్తాయి. పెన్ను దారంతో బల్లకి కట్టి ఉంటుంది. అందులో సిరా ఆకుపచ్చ. ఆకుపచ్చ రీఫిళ్ళు ఎవరూ అడగరు, అడగని సరుకు ఎక్కడో ఒకచోట వాడుకోవాలి కదా. నా సలహా కూడా ఆ రకం సరుకేనని తర్వాత తెలిసింది.

మొన్న పంపు ఆపరేటర్లు, మీటరు రీడర్లు కలిపి నలభై ఖాళీలు పడ్డాయి. ఫారం నాలుగు పేజీలు. అది అందరూ ఇంటి దగ్గరే నల్ల సిరాతో నింపుకొచ్చారు. దానికి అతికించి ఉన్న ఐదో కాగితం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయేది. దాని పేరు 'సమాన అవకాశాల పరిశీలన పత్రం'. ఆడా మగా, వయసెంత, ఏ మతం, ఇంట్లో ఏ భాష, ఒంట్లో ఏదైనా లోపం ఉందా, మంచాన పడ్డవాళ్ళని ఎవర్నైనా చూసుకుంటున్నారా, ఇలా ఒక పేజీ నిండా గళ్ళు. ప్రతి ప్రశ్నకీ ఆఖరి గడి ఒకటే: 'చెప్పడం ఇష్టం లేదు'. అన్నిటికంటే అడుగున, ఈ కాగితం ఎంపిక చేసేవారికి చేరదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు నమ్మే వయసు నాకెప్పుడో దాటిపోయింది.

"దీన్నేం చెయ్యమంటారు బాబాయ్?" అని అడిగిన ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పాను.

"అన్నిటికీ ఆఖరి గడి కొట్టెయ్. బేరం కుదరకముందే సంచి మూతి విప్పి, ఇదిగో ఇందులో రెండు పుచ్చులున్నాయి అని చూపిస్తామా?"

ఈ మాట జనానికి బాగా నచ్చింది. ఒకడు అడిగితే వెనక నిలబడ్డ నలుగురు విని, అడక్కుండానే దారం లాక్కుని టిక్కులు కొట్టేసి పోయారు. పుణ్యానికి పుణ్యం, వరస తొందరగా కదిలింది.

మా చెల్లెలి కాగితం నేనే నింపాను. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

మా చెల్లెలికి ముప్ఫై తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలు. మాతోనే ఉంటుంది. పెళ్ళి మాట ఎత్తితే స్పానరు చూపిస్తుంది. పదకొండేళ్ళు మోటార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసింది. తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించి, బేరింగు పోయిందో వైండింగు పోయిందో చెప్పేస్తుంది. షెడ్డు యజమాని షట్టరు దించేసి వెళ్ళిపోయాక ఏడాదిగా మా జిరాక్స్ మిషన్ ని బతికిస్తోంది. ఆమెకి కావలసింది ఒకటే, పంపు ఆపరేటరు ఉద్యోగం. రెండుసార్లు రాతపరీక్ష దాటింది, రెండుసార్లూ పంపు గదిలో పరీక్ష పోయింది. ఆరు మోటార్లు ఒకేసారి తిరుగుతుంటే సూపర్‌వైజరు వెనకాల నిలబడి, 'మూడో వాల్వు సగం మూయ్' అని అరుస్తాడు. మా చెల్లెలికి ఎడం చెవి పనిచెయ్యదు, కుడి చెవి అరకొర. రెండుసార్లూ కాగితం మీద 'ఆదేశాలు పాటించలేదు' అని రాశారు.

ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఆ చెవి పోయింది. అప్పుడు నాకు పంతొమ్మిది. ఆడపిల్ల, లోకానికి తెలియకపోతే మంచిదని నేనే లెక్క వేశాను. బడిలో ఎడమ గోడ కిటికీ దగ్గర కూర్చోబెట్టమని, పిల్లకి గాలి కావాలని టీచర్ని బతిమాలాను. ఎక్కడికెళ్ళినా నేను ఆమెకి ఎడమ పక్కనే నడిచాను. ముప్ఫై రెండేళ్ళు ఒక్కరికీ తెలియనివ్వలేదు. ఇంత పకడ్బందీగా నేను ఏ సరుకూ దాచలేదు.

దరఖాస్తుకి నలభై ఏళ్ళు దాటకూడదు. అంటే ఆమెకి ఇదే ఆఖరి అవకాశం. అందుకే ఐదో కాగితం ఆమె చేతికి కూడా ఇవ్వకుండా, పై నుంచి కింది దాకా ఆకుపచ్చగా కొట్టి అతికించేశాను.

గడువు ముగిసిన వారానికి ఒక అమ్మాయి నలభై అడుగులూ దాటి మా షాపుకొచ్చింది. ముప్ఫై లోపు ఉంటుంది, మెడలో ఆఫీసు కార్డు, చంకలో లావుపాటి కవరు. ఏమీ కొనని మనిషి వచ్చి బల్ల మీద రెండు మోచేతులూ ఆనించిందంటే ఇక ఆ గంట మనది కాదు. ఆమె దారం కట్టిన పెన్ను తీసి, కవరు మీద ఒక గీత గీసి, తల ఊపింది.

"ఈ పెన్ను మీదేనా అండీ?"

"షాపుది."

"మొత్తం నాలుగు వందల పన్నెండు దరఖాస్తులు. అందులో రెండు వందల నలభై రెండు పత్రాల మీద అన్నిటికీ 'చెప్పడం ఇష్టం లేదు'. వాటిలో రెండు వందల ముప్ఫై ఒకటి ఇదే ఆకుపచ్చ. మిగతా పదకొండు మందికి ఇష్టం లేదంటే అది వాళ్ళ హక్కు, నేను నోరెత్తను. ఈ రెండు వందల ముప్ఫై ఒకటీ ఎవరి ఇష్టం లేకపోవడమో మీరు చెప్పాలి."

"నాదే అనుకోమ్మా," అన్నాను. అబద్ధం ఆడి లాభం లేని చోట నేను ఆడను.

కోపగించుకుంటుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పత్రాలు లెక్కపెట్టి చూడడమే తన ఉద్యోగమట. ఆ క్షణం నుంచి నాకు ఆమె లెక్కలమ్మ. నేను పుచ్చుల సంచి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"కొనేవాడికి చెప్పకండి, సరే. నేను కొనేదాన్ని కాదుగా. ఎంపిక చేసేవాళ్ళు పై అంతస్తు, నేను కింద మూడో గది. దరఖాస్తు రాగానే ఈ కాగితం చింపి నా బీరువాలో పెడతాను. దాని మీద పేరుండదు, కోడ్ నంబరు ఒక్కటే. మీరు ఏడాదికోసారి తలుపులు మూసుకుని సరుకు లెక్క చూసుకోరా?"

"చూసుకుంటాను."

"ఎందుకు?"

"ఏది కదులుతోందో, ఏది అరలోనే పడి ఉందో తెలియాలి కదా."

"నాదీ అదే పని. ఎవరు వస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు. పోయినసారీ, అంతకుముందుసారీ 'వినికిడి లోపం' గడిలో సున్నా వచ్చింది. సున్నా ఉంటే పరీక్షలో ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఒక్కరున్నారని తెలిసినా పరీక్ష పద్ధతి మార్చి తీరాలి. ఇన్ని వందల మందిలో ఒక్కరికి కూడా చెవి సమస్య లేదంటే నేను నమ్మలేదు. కానీ నా నమ్మకాన్ని పట్టికలో వెయ్యలేనుగా."

ఆ రెండుసార్లూ మా చెల్లెలి కాగితం మీద ఆఖరి గడి కొట్టింది నేనే. ఆ రెండు సున్నాలూ నేను తయారు చేసినవే.

"ఇంకోటి," అంది లెక్కలమ్మ. "కనీసం మూడింట రెండొంతుల మందైనా జవాబు చెప్పకపోతే లెక్క చెల్లదు. లెక్క చెల్లకపోతే ప్రకటన రద్దు. మళ్ళీ పడడానికి ఆరు నెలలు. ఇరవయ్యో తేదీ సాయంత్రం ఐదు దాకా మూడో గదిలో కొత్త కాగితాలు పెట్టుకుని కూర్చుంటాను. రసీదు చూపించి మళ్ళీ నింపుకోవచ్చు. అందరికీ ఉత్తరాలు పంపాను. కానీ ఉత్తరం చదివి ముందు మీ దగ్గరికే వస్తారు. మీరేం చెప్తే అదే చేస్తారు."

ఆమె వెళ్ళాక జిరాక్స్ కాగితం వెనకాల లెక్క వేశాను. కావలసినవి రెండు వందల డెబ్బై ఐదు. ఉన్నవి నూట డెబ్బై. ఇంకా నూట అయిదు. పన్నెండు రోజులు. రద్దయితే ఆరు నెలలు, ముప్ఫై తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలలకి ఆరు కలిపితే నలభై దాటి రెండు నెలలు. ఏ వైపు నుంచి కూడినా అంతే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను.

"ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ కుట్టేశారు," అంది మా ఆవిడ. "ఇప్పుడు కుట్లు విప్పే పని కూడా మీకే పడింది. బాగుంది."

మా చెల్లెలు పళ్ళెంలోంచి తలెత్తి నా పెదాల వైపు చూస్తోంది. "నా కాగితం మీదేం కొట్టావ్?"

"అదే. ఆఖరి గడి."

"నా చెవి గురించి చెప్పడం నాకిష్టం లేదని నీకెవరు చెప్పారు?"

నేను నీళ్ళు తాగాను. "చిన్నప్పటి నుంచీ నువ్వెప్పుడూ ఎవరికీ చెప్పలేదు కదమ్మా."

"నువ్వు అంత కష్టపడి దాస్తున్నావు కదా, పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నా. బడిలో గాలి కావాలన్నావు. ఆ కిటికీ దగ్గర చలికి నాలుగేళ్ళు వణికాను. పంపు గదిలో రెండుసార్లు పోయినప్పుడు, సార్ నాకు వినపడదు, చేత్తో చూపించండి అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అన్నయ్య పరువు అని మింగేశాను."

"నా పరువేమిటి మధ్యలో?"

"అదే నేనూ అడుగుతున్నా," అని పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

మా ఆవిడ నాకు ఇంకో గరిటె వడ్డించింది. "తినండి. పన్నెండు రోజుల పని ఉంది."

మర్నాడే పని మొదలుపెట్టాను. ఫొటోలు ప్రింటు తియ్యమని నా ఫోనుకి పంపినవాళ్ళు నూట తొంభై మంది ఉన్నారు. అందరికీ మెసేజి పెట్టాను: 'ఐదో కాగితం విషయంలో నేను చెప్పింది తప్పు. మూడో గదికెళ్ళి మళ్ళీ నింపండి.' జవాబులు చూస్తే ఎవడో నా ఫోను దొంగిలించాడని అనుకుంటున్నారు. ఒకతను 'బాబాయ్, నిన్ను బెదిరిస్తున్నారా? అయితే రెండు చుక్కలు పెట్టు' అని రాశాడు.

షాపుకొచ్చినవాళ్ళు ఇంకా ఘోరం. కుట్టుపని చేసే ఆవిడ ఉంది, మీటరు రీడరు కోసం పెట్టింది. ఆవిడ అత్తగారు మూడేళ్ళుగా మంచంలో.

"అత్తని చూసుకుంటున్నానని రాస్తే, ఇది రోజూ సెలవు పెట్టే బాపతు అనుకోరూ?"

"ఎంపిక చేసేవాళ్ళు చూడరమ్మా ఆ కాగితం."

"మొన్న మీరే చూస్తారన్నారు."

"మొన్న నాకు తెలియక చెప్పాను."

"ఇవాళ తెలిసి చెప్తున్నారని గ్యారంటీ ఏంటన్నయ్యా? మీ జిరాక్స్ కి కూడా గ్యారంటీ లేదు."

అంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. నోటి మాట మీద నడిచే వ్యాపారంలో ఒకసారి మాట తిప్పితే, కొత్త మాటకి పాతదే పోటీ. ఆరో రోజు సాయంత్రం లెక్కలమ్మని అడిగితే ముప్ఫై ఒకటి వచ్చాయంది. ఆ వేగాన ఇరవయ్యో తేదీకి అరవై రెండు. నూట అయిదు ఎక్కడ, అరవై రెండు ఎక్కడ.

ఏడో రోజు పొద్దున మా చెల్లెలు నన్ను కౌంటరులోంచి లేపింది.

"నువ్వు మిషన్ దగ్గరికెళ్ళు. నీ మొహం చూస్తే ఏదో అమ్ముతున్నట్టుంది."

"నువ్వెళ్ళి నింపొచ్చావా?"

"నిన్ననే. మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా." వరసలో ముందున్నవాడి వైపు తిరిగింది. వాడు మోటారు సైకిళ్ళ మెకానిక్కు, షెడ్డు రోజుల నుంచి తెలిసినవాడు. "నాకు ఎడం చెవి పనిచెయ్యదు, కుడిది సగమే. గట్టిగా చెప్పు."

నా చేతుల్లో కాగితాలు అలాగే ఉండిపోయాయి. వరసలో పదిమంది ఉన్నారు, ముప్ఫై రెండేళ్ళు దాచింది అరక్షణంలో అందరిదీ అయిపోయింది.

"ఎప్పట్నుంచి అక్కా?" అన్నాడు మెకానిక్కు.

"ఏడేళ్ళప్పట్నుంచి."

"మరి షెడ్డులో నేను వెనకాల నుంచి అన్ని జోకులేశాను. నువ్వు నవ్వలేదంటే బాగాలేవేమో అనుకున్నా."

"వినపడలేదు. కానీ బాగుండి ఉండవులే."

వరస మొత్తం గొల్లున నవ్వింది. మెకానిక్కు బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు, మళ్ళీ గుర్తొచ్చి పెంచాడు. "నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదక్కా. ఇప్పటిదాకా మా ఆవిడకి కూడా తెలియదు. అది కూడా ఆ కాగితంలో పడుతుందా?"

"చూపు అని ఒక గడుంది. వెళ్ళు, మూడో గది."

వాడెళ్ళాడు. వెనక నలుగురెళ్ళారు. కుట్టుపనావిడ సాయంత్రం వచ్చి, నా వైపు కన్నెత్తి చూడకుండా మా చెల్లెలి కుడి పక్కన నిలబడి ఏదో మాట్లాడి, చీర కొంగు నడుముకి దోపుకుని రోడ్డు దాటింది. ఆ రోజు ఒక్కరోజే ఇరవై ఆరు. మర్నాడు ఇంకా ఎక్కువ. నేను మిషన్ వెనకాల నుంచి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అడిగినా, 'కౌంటర్లో అడగండి' అన్నాను.

ఇరవయ్యో తేదీ సాయంత్రం ఐదింటికి మూడో గదిలో లెక్క తేలింది. కావలసినవి నూట అయిదు, చేరినవి నూట ముప్ఫై నాలుగు. లెక్కలమ్మ మా షాపుకొచ్చి ఆ మాట చెప్పి, వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని ఒక రబ్బరు కొనుక్కుంది.

"వినికిడి గడిలో?" అని మా చెల్లెలు అడిగింది.

"పధ్నాలుగు."

మా చెల్లెలు ఆ అంకెని మెల్లగా పెదాలతో అనుకుంది. "పధ్నాలుగు మందీ ఈ ఊళ్ళోనే ఉన్నారా? నేను ఒక్కదాన్నే అనుకున్నాను."

రాతపరీక్ష మా చెల్లెలు మూడోసారీ దాటింది. పంపు గది పరీక్ష నెల తిరక్కుండానే పెట్టారు. ఈసారి అరుపులు లేవు. గోడ మీద ఒక పలక తగిలించారు, వాల్వు నంబరు అందులో కనిపిస్తుంది. పక్కన ఒకే ఒక్క బల్బు. వెలిగితే తెరవాలి, ఆరితే మూయాలి. మొదట ఎర్ర బల్బు, ఆకుపచ్చ బల్బు పెడదామనుకున్నారట. చూపు గడిలో ఆరుగురు రంగుల తేడా తెలియదని రాశారని లెక్కలమ్మ అడ్డం పడి, ఒకటే తెల్ల బల్బు పెట్టించింది.

ఇనప జాలీ బయట నిలబడి చూశాం, నేనూ మా ఆవిడా. మా చెల్లెలు పద్దెనిమిది ఆదేశాల్లో పదిహేడు సరిగ్గా చేసింది. పదకొండోది తప్పింది. బల్బు ఆరినప్పుడు ఆమె దాని వైపు చూడడం లేదు, నాలుగో మోటారు మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. అక్కడే పోతుందేమోనని నా ప్రాణం జాలీకి అంటుకుపోయింది.

"చూడాల్సింది బల్బు," అన్నాడు సూపర్‌వైజరు, ఆమె ఎదురుగా వచ్చి.

"దీని బేరింగు పోతోంది సార్. వారం కూడా ఆగదు."

"అది పరీక్షలో లేదమ్మా."

"బేరింగుకి ఆ సంగతి తెలియదుగా."

ఆయన కూడా చెయ్యి ఆనించి చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో కనుక్కోవాలని ఇంటికెళ్ళే దారంతా నేను తపించిపోయాను. "ఏం రాసినా ఆయన చేతిరాతే, మీరు దిద్దేది కాదు," అంది మా ఆవిడ. "నడవండి."

మూడు వారాలకి ఆఫీసు బోర్డు మీద పట్టిక అతికించారు. పేర్లు లేవు, గళ్ళు, అంకెలే. వినికిడి: దరఖాస్తు పధ్నాలుగు, రాతపరీక్ష తొమ్మిది, పంపు గది ఏడు, ఎంపిక రెండు. నేను ఆ 'రెండు' ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక అంకెని పట్టుకుని నువ్వు మా చెల్లెలివేనా అని అడగలేం కదా. నలభై అడుగులూ దాటి వెనక్కొచ్చేసరికి ఆమె కౌంటరు మీద ఒక కవరు చించి, చదివి, మళ్ళీ చదువుతోంది. మా ఆవిడ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది, దుమ్ము పడిందంటోంది.

నియామకం ఉత్తరంతో పాటు చేరే రోజు ఇవ్వాల్సిన ఫారం ఒకటి ఉంది. అందులో ఎనిమిదో ప్రశ్న: 'పనిచేసే చోట మీకు ఏవైనా ఏర్పాట్లు కావాలా?' కింద మూడు గీతలు.

"కొత్తగా చేరుతున్నావు," అన్నాను. "మొదటి రోజే ఇవి కావాలి అవి కావాలి అంటే బాగుండదు. ప్రస్తుతానికి ఏమీ అక్కర్లేదని..."

ఆమె ఫారాన్ని నాకు కనపడకుండా అటు తిప్పుకుంది. రాస్తోంది. మూడు గీతలూ అయిపోయాయి. వెనక్కి తిప్పి రాసింది. తర్వాత చెయ్యి చాచింది. "ఒక తెల్ల కాగితం ఇవ్వు."

ఇచ్చాను. "ఎన్ని రాశావ్?"

"ఏడు."

"ఏడా? మూడో నాలుగో అడిగితే ఇస్తారు. ఏడంటే..."

"అన్నయ్యా, అక్కడెవరో జిరాక్స్ కోసం నిలబడ్డారు," అంది తలెత్తకుండానే.

చూస్తే నిజంగానే ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను మిషన్ దగ్గరికెళ్ళాను. వెనక నుంచి స్టేప్లరు చప్పుడు రెండుసార్లు వినిపించింది.